పడవ సందుల్లో పీచు

విరోధి నామ సంవత్సరం, శ్రావణ బహుళ తదియ. పొద్దుటినుంచీ ముసురు, ఏరు నిండుగా ఉంది. ఆ పడవ చెక్క మద్దా, తుమ్మా అని మా తాతలు పోట్లాడుకునేవారు. అది అలా ఉంచండి. పెళ్లి లేకుండా పన్నెండేళ్లు కాపురం చేసి విడిపోతున్న నూకమ్మకూ గవరయ్యకూ బతుకుతెరువు ఆ పడవొక్కటే. పడవ ఎవరిదన్న తగవు ఠాణా అధికారి ఠాణేదారు దగ్గరికి వెళ్తే, తనకు మేకపోతును ఇస్తానన్న గవరయ్య వైపే ఆయన తీర్పు చెప్పాడు.

"తాళి లేదు, వాటా లేదు. ఎవరు చేసింది వాళ్లది. చెక్కలు కోసి పడవ కట్టింది గవరయ్య."

ముగ్గురూ అదే పడవలో ఏరు దాటుతుండగా, నడిమధ్యలో నూకమ్మ వంగి చెక్కల సందుల్లోంచి పీచు లాగసాగింది. నీళ్లు లోపలికి ఎగదన్నాయి.

"ఏం చేస్తున్నావే?" అన్నాడు ఠాణేదారు.

"ఈ పీచు కూరింది నేనండి. తమ తీర్పు ప్రకారం నాది నేను తీసుకుంటున్నా. నాకు ఈతొచ్చు."

ఠాణేదారుకు మోకాళ్లదాకా తడిసింది. "పడవ ఇద్దరిదీ. ఒరే గవరయ్యా, ఒప్పుకోరా."

"ఒప్పుకున్నానే, పీచు కూరు" అన్నాడు గవరయ్య.

పడవ సరి తిథుల్లో నూకమ్మకు, బేసి తిథుల్లో గవరయ్యకు వచ్చింది. ఠాణేదారుకు మేకపోతు కాదుగదా, దాని తాడు కూడా దక్కలేదు.