రెండు చెంపల లేపనం

వెనకటికి మంజుగిరి అనే రాజ్యాన్ని గండభూపతి ఏలేవాడు. ఆయనకు తన ముఖం మీద ఉన్న మమకారం ఇంక దేనిమీదా ఉండేది కాదు. పొద్దున్నే, ఓడల మీద వచ్చిన పారశీకపు లేపనం పూయించుకుంటే గాని కొలువుకు వచ్చేవాడు కాదు.

ఆ కొలువులో వల్లభయ్య అనే చమత్కారి ఉండేవాడు. నోటికి వచ్చిన మాట ఆపుకోలేని మనిషి. ఒకనాడు రాజు తన లేపనం గొప్పలు చెప్పుకుంటుంటే, అంగడివీధిలో సంకమ్మ అమ్మే లేపనం కూడా ఇంతే నిగారింపు ఇస్తుందని నవ్వుతూ అనేశాడు.

సభ నవ్వింది. రాజు నవ్వలేదు.

"చవకది పూసుకుంటే ముఖమే చవకైపోతుంది. ఆ సంకమ్మను పట్టి తెండి" అన్నాడు.

సాయంత్రానికల్లా సంకమ్మ దుకాణానికి తాళం పడింది, ఆమెను ఠాణాలో పెట్టారు. రాజాజ్ఞ ప్రకారం, ఆ రెండు లేపనాలూ సాటి అని వల్లభయ్య మర్నాడు సభలో తేల్చాలి. తేల్చలేకపోతే సంకమ్మ ఊరు విడవాలి, అతను కొలువు విడవాలి.

ఆ రాత్రి వల్లభయ్య విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. తన కొలువు పోతే ఇంకో కొలువు చూసుకుంటాడు. తన నోటితీటకు సంకమ్మ బతుకు పోతే? ఉండబట్టలేక ఠాణాకు వెళ్ళాడు.

సంకమ్మ అతన్ని తిట్టలేదు. "సాటి అని నేనెన్నడూ అనలేదు అయ్యగారూ, మీరే అన్నారు" అంది అంతే. అది తిట్టుకన్నా ఎక్కువగా గుచ్చుకుంది.

ఇంతకీ నిజంగా సాటేనా అని బెరుగ్గా అడిగాడు. నిగారింపుకు ఢోకా లేదనీ, వాసన మాత్రం కాసేపే నిలుస్తుందనీ ఆమె ఉన్నమాట చెప్పింది. రాజు ఒక్కసారి వాసన చూస్తే చాలు, ఇద్దరి పనీ అయిపోయినట్టే అనుకున్నాడు వల్లభయ్య.

అక్కడినుంచి నేరుగా మల్లాంబిక రాణి దగ్గరికి వెళ్ళి, చేతులు కట్టుకుని తన ఉపాయం విన్నవించుకున్నాడు. రాణి అంతా విని "చూద్దాం" అంది. అవునన్నట్టా, కాదన్నట్టా? అతనికి తెలియలేదు.

మర్నాడు సభ కిక్కిరిసింది. రాణిగారే స్వయంగా తెర వెనుక కనకాంగి అనే నర్తకి రెండు చెంపలకూ లేపనం పూస్తారనీ, వాటిలో అంగడి సరుకు పూసిన చెంప ఏదో ప్రభువులు చెప్పాలనీ వల్లభయ్య మనవి చేశాడు. రాణి చేతిలో మోసం ఉండదని నమ్మి రాజు సంతోషంగా ఒప్పుకున్నాడు.

తెర తీశారు. వల్లభయ్య రాణి ముఖంలోకి చూశాడు. అక్కడ ఏమీ కనిపించలేదు.

రాజు సింహాసనం దిగి వచ్చాడు. అటు నుంచి చూశాడు, ఇటు నుంచి చూశాడు, దగ్గరికి వంగి వాసన పీల్చాడు. చివరికి గొంతు సవరించుకున్నాడు.

"కుడిచెంప మాది. వెన్నెల ఆరబోసినట్టుంది. ఎడమది అంగడి సరుకు. వెల్లవేసిన గోడలా ఉంది, వాసన కూడా ముతకే."

పండితులు తలలూపారు. వల్లభయ్య, ఎడమచెంపకు పూసింది ఏదని రాణిని అడిగాడు.

రాణి నింపాదిగా చేతులు తుడుచుకుంది. ఆ కాసేపట్లో వల్లభయ్య మనసులోనే మూటాముల్లె సర్దుకున్నాడు.

"కుడిచెంపకు పూసిందే. రెండూ ప్రభువుల భరిణెలోవే" అంది రాణి.

రాజు ముఖం కందగడ్డ అయింది. తనను మోసం చేశావని వల్లభయ్య మీద విరుచుకుపడ్డాడు.

"ఈ మోసానికి శిక్ష వేయండి ప్రభూ, పడతాను" అన్నాడు వల్లభయ్య. "కానీ చవకది అన్న మాట చెవిన పడగానే మీ లేపనమే మీకు వెల్ల అయింది. సంకమ్మ సరుకును ఇంతవరకూ చెవులతోనే చూశారు. ఒక్కసారి కళ్ళతో చూడండి. వాసన నిలవదని ఆమే ఒప్పుకుంది. మిగతాది మీరే చెప్పాలి."

రాజు చాలాసేపు మీసం దువ్వుకుని, సంకమ్మను పిలిపించి, ఆమె లేపనం తన ఎడమచెంపకు పూయించుకున్నాడు. కుడిచెంపకు ఎప్పటిదే ఉంది. రాణి అద్దం పట్టింది.

రాజు ఎడమకు తిరిగాడు, కుడికి తిరిగాడు, మళ్ళీ ఎడమకు తిరిగాడు.

"ఏది మెరుగు ప్రభూ?" అని అడిగింది రాణి.

"ఈ ముఖానికి ఏది పూసినా మెరుగే" అన్నాడు రాజు. అని, తన మాటకు తానే పకపకా నవ్వాడు. అప్పుడు సభకు ఊపిరి ఆడింది.

సంకమ్మ దుకాణం తెరిపించి, అంతఃపురానికి ఆమె సరుకు కూడా తెమ్మన్నాడు. వల్లభయ్యకు చేతి కంకణం తీసి ఇచ్చాడు.

బయటికి వచ్చాక వల్లభయ్య ఆ కంకణాన్ని సంకమ్మ చేతిలో పెట్టబోయాడు. ఆమె పుచ్చుకోలేదు.

"అది మీరే ఉంచుకోండి అయ్యగారూ. ఇంకోసారి నా సరుకును పొగడాలనిపిస్తే మాత్రం, ముందు నన్నొక మాట అడగండి" అని, దుకాణం తెరవడానికి గబగబా నడిచిపోయింది.