అందరికంటే ముందు అర్థమైనవాడు

సాలూరు దగ్గర ఒక కాలేజీలో పోలినాయుడనే కుర్రాడు ఉండేవాడు. తెలియనిదాన్ని తెలియదని చెప్పడం అతనికి చచ్చేంత నామోషీ. దేవుడు మనందరికీ నోరిచ్చాడు, అందులో "తెలీదు" అనే మాటా పెట్టాడు. పోలినాయుడు ఆ ఒక్క మాటా వాడకుండా దాచుకున్నాడు. నవ్వకండి బాబూ, మనలో ఎవరెవరు దాచుకున్నామో పైవాడికి తెలుసు.

ఆ కాలేజీలో మొదటి ఏడాది లెక్కల పరీక్ష చాలామంది తప్పారు. వాళ్ళు మొద్దులు కారు. కొందరి బడిలో లెక్కల మాస్టారే లేరు. కొందరు లెక్కల్ని కూడా పద్యాల్లా బట్టీపట్టి అంతదాకా వచ్చారు. పోలినాయుడూ తప్పాడు. ఎవరైనా అడిగితే, "పరీక్షనాడు జ్వరమండీ" అనేవాడు.

వీళ్ళకోసం కామేశ్వరి మేడమ్ ఎండాకాలం సెలవుల్లో క్లాసు పెట్టారు. ఆవిడని ఎవరూ పెట్టమనలేదు. పొద్దున్నే స్వామికి దీపం పెట్టి, గొడుగేసుకుని వచ్చేసేవారు. సెలవులయ్యాక మళ్ళీ పరీక్ష ఉంది. అందులోనూ తప్పితే లెక్కల గ్రూపు వదులుకోవలసిందే.

రేకుల షెడ్డు, పైన కిర్రుకిర్రుమనే ఫ్యాను, ఒళ్ళంతా చెమట. మేడమ్ బోర్డు మీద లెక్క చేసి వెనక్కి తిరిగి, "అర్థమైందా?" అనేవారు.

"అర్థమైంది మేడమ్!" అని అందరికంటే ముందు పోలినాయుడి గొంతు లేచేది. దాని వెనకే క్లాసంతా, "అర్థమైంది మేడమ్!" అనేది. ఆవిడ సంతోషంగా బోర్డు తుడిచి, దానికంటే పెద్ద లెక్క ఎత్తుకునేవారు.

నిజానికి పోలినాయుడికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. అతనికి వచ్చిందల్లా చిన్నప్పుడు వల్లించిన ఒక్క మాట: "అంకె అటు వెళితే గుర్తు మారుతుంది." ఎందుకు మారుతుందో తెలియదు. అడిగితే ఏమనుకుంటారో అని భయం.

ఆ క్లాసులోనే పైడితల్లి అనే అమ్మాయి ఉండేది. కొండ దిగువ ఊరినుంచి రెండు బస్సులు మారి వచ్చేది. లెక్కల టీచరు కావాలని ఆ పిల్ల కోరిక. వాళ్ళ ఊరి బడిలో ఆ కుర్చీ ఎప్పుడూ ఖాళీయే మరి! ఒకరోజు ఆమె నీళ్ళకుండ దగ్గర పోలినాయుడిని చూసి నిట్టూర్చింది.

"నీదే అదృష్టం పోలీ. మేడమ్ ఇలా చెప్తే అలా బుర్రకెక్కేస్తాది. క్లాసులో నాకొక్కదానికే ఏటీ తెలీట్లేదు. రోజూ బస్సు ఖర్చు దండగ."

అమ్మా, చూశారా, పరీక్ష ఎక్కడ వచ్చిందో! కాగితం మీద రాలేదు, నీళ్ళకుండ దగ్గర వచ్చింది. "నాకూ తెలీదే" అని ఒక్క మాట అంటే చాలు. పోలినాయుడి నాలుక చివరిదాకా వచ్చింది కూడా. వచ్చిన మాటని గ్లాసెడు నీళ్ళతో మింగేశాడు.

"కష్టపడితే వస్తాదిలే. ఏముంది అందులో, ఈజీయే" అన్నాడు.

మర్నాడు పైడితల్లి చోటు ఖాళీగా ఉంది. ఆ మర్నాడూ అంతే.

"పైడితల్లి ఏదమ్మా?" అని మేడమ్ అడిగారు.

"ఇంక రాదంట మేడమ్" అంది ఆమె పక్కన కూర్చునే అమ్మాయి. "వాళ్ళ పిన్నితో మామిడికాయల యార్డుకి పనికెళ్తంది. అందరికీ వస్తన్నాయి, నాకొక్కదానికే రావట్లేదు, ఇంక గ్రూపు మానేస్తానని ఏడిసింది."

మేడమ్ ముఖం చిన్నబోయింది. బోర్డు వైపు తిరిగి, "మూడు x కి ఐదు కలిపితే ఇరవై. x ఎంత?" అని రాశారు. పుస్తకాల్లో చెయ్యమని, కాసేపయ్యాక అలవాటుగా, "అర్థమైందా?" అన్నారు.

క్లాసంతా పోలినాయుడి గొంతు కోసం చూసింది. గొంతు లేవలేదు. అతనే లేచి నిలబడ్డాడు.

"నాకు తెలీదు మేడమ్."

"ఏది నాయనా? ఈ లెక్కా?"

"మొదటిరోజు నుంచీ ఏదీ తెలీదు మేడమ్. ఇప్పుడూ నాకు పన్నెండొచ్చింది. ఐదు అటెళ్తే మైనస్ అయింది, పదిహేనొచ్చింది. మూడు కూడా అటెళ్ళింది కదా, అదీ మైనస్ అయింది. పదిహేనులో మూడు పోతే పన్నెండు."

వెనకబెంచీలో ఒకడు కిసుక్కుమన్నాడు. మేడమ్ వాడి పుస్తకంలోకి తొంగి చూశారు. "నవ్వుతావేం నాయనా, నీదీ పన్నెండేగా!" అన్నారు. ఈసారి క్లాసంతా గొల్లుమంది. ఆ నవ్వులో ఒక చెయ్యి లేచింది, తర్వాత ఇంకోటి, ఆనక ఎన్నో. సగం క్లాసుకి పన్నెండే వచ్చింది!

మేడమ్ చాక్‌పీసు బల్లమీద పెట్టేశారు. "నాదీ తప్పుంది. మీరు అర్థమైందంటే చాలు, నేను పొంగిపోయాను. సరే, కూర్చోండి. అసలు ఏ అంకే ఎటూ వెళ్ళదు. ఒక తక్కెడ అనుకోండి. ఒక పళ్ళెంలో సమానమైన మూడు మూటలు, ఐదు విడికాయలు. రెండో పళ్ళెంలో ఇరవై కాయలు. తక్కెడ సరిగ్గా తూగుతోంది. ఇటు ఐదు కాయలు తీస్తే అటూ ఐదు తియ్యాలి, లేకపోతే ఒరిగిపోతుంది. ఇంకేం మిగిలింది?"

"మూడు మూటలకి పదిహేను కాయలు!"

"మూటకెన్ని?"

"ఐదు!" షెడ్డు రేకులు అదిరాయి. ఆ వేసవిలో వాళ్ళు నిజంగా అరిచిన మొదటి జవాబు అదే.

పోలినాయుడు క్లాసు అవగానే ఎండలో యార్డుకి పరుగెత్తాడు. పైడితల్లి గడ్డి పరిచి, పెట్టెలో కాయలు సర్దుతోంది.

"రేపు క్లాసుకి రా పైడితల్లీ. నాకూ లెక్కలు తెలీవు. నీతో అబద్ధమాడేను."

ఆమె తలెత్తలేదు. "జాలిపడి చెప్తన్నావు. పో, పనుంది."

చిత్రం చూడండి! అబద్ధం చెప్పినప్పుడు చక్కగా నమ్మిన పిల్ల, నిజం చెబితే నమ్మనంటోంది.

పోలినాయుడు కింద కూర్చుని మామిడికాయల్ని అటూ ఇటూ పేర్చాడు. మూడు గోనె ముక్కల్ని మూటలన్నాడు. మొదట తనకి పన్నెండు ఎలా వచ్చిందో చెప్పాడు.

ఆమె చేతిలో కాయ ఆగిపోయింది. "నాకూ ఎప్పుడూ అలాగే వస్తాది!" అంది.

"సగం క్లాసుకి అలాగే వచ్చింది."

మేడమ్ చెప్పినట్టే అతను రెండు వైపులా ఐదేసి కాయలు తీశాడు. పైడితల్లి చూస్తూ చూస్తూ పని వదిలి వచ్చి ఎదురుగా కూర్చుంది. కాసేపటికి ఆమే కాయలు జరపసాగింది. అంతలో ఠక్కున ఆగింది.

"మరి ఐదు కలపడం కాకుండా మైనస్ ఐదు ఉంటే? లేని కాయల్ని పళ్ళెంలో ఎలా పెడతావు?"

పోలినాయుడు కాయల వంక చూశాడు. గోనె ముక్కల వంక చూశాడు. బుర్ర గోక్కున్నాడు.

"నాకు తెలీదు" అన్నాడు.

"నీకూ తెలీదా?" పైడితల్లి ముఖం వెలిగిపోయింది. "నిజంగా?"

"తల్లి తోడు. రేపు ఇద్దరం కలిసి అడుగుదాం."

"చూడు మరి, నేనడిగినప్పుడు నువ్వు పక్కనుంచి అర్థమైందని అరిచేవంటే ఈ కాయ నీ నెత్తిన పగులుద్ది!"

మర్నాడు ఆమె రెండు బస్సులూ మారి వచ్చింది. కూర్చోకముందే లేని కాయల ప్రశ్న వేసింది. మేడమ్ ఆ రోజంతా ఆ ఒక్క ప్రశ్నే విడమరిచి చెప్పారు. ఆనాటినుంచి ఆవిడ "అర్థమైందా?" అనడం మానేసి, "ఎక్కడ ఆగిపోయారు?" అని అడిగేవారు. రోజూ ఎవరో ఒకరు లేచి, ఆగిపోయిన చోటు చెప్పేవారు. అక్కడినుంచి అందరూ కలిసి నడిచేవారు.

స్వామి దయవల్ల సెలవులయ్యాక జరిగిన పరీక్షలో చాలామంది గట్టెక్కారు. పైడితల్లికి మంచి మార్కులొచ్చాయి, గ్రూపు నిలిచింది. పోలినాయుడు అంచుమీద పాసయ్యాడు. తప్పిన కొద్దిమందినీ మేడమ్ దగ్గరికి పిలిచి, సాయంత్రాలు రమ్మన్నారు. వాళ్ళు సిగ్గుపడకుండా వెళ్ళారు, పోలినాయుడూ వాళ్ళ పక్కన వెళ్ళి కూర్చున్నాడు.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, ఇందులో నీతి ఇదీ: తెలియకపోయినా తెలిసిందనేవాడు తన చదువుతో పాటు పక్కవాడి ధైర్యాన్నీ చెడగొడతాడు, తెలియనిది తెలియదని నిజం చెప్పినవాడు తాను నేర్చుకుంటాడు, పక్కవాడికీ దారి చూపిస్తాడు.