పెరట్లో వెలసిన నూరో వింత

శిలాపురం మహారాజు చెన్నభూపతికి ఆ ఉదయం ఫలహారం సహించలేదు. మర్నాడు ఊరు చూడ్డానికి వస్తున్న పొరుగు రాజు, తన పట్నంలో చూడదగ్గ ప్రాచీన స్థలాలు నూరు ఉన్నాయని ఉత్తరం రాశాడు. శిలాపురంలో ఎటునుంచి లెక్కపెట్టినా తొంభైతొమ్మిదే తేలుతున్నాయి.

"ఈ మధ్యాహ్నానికల్లా నూరోది కావాలి! కనిపెట్టినవాడికి నా చేతి బంగారు కడియం ఇస్తాను!" అన్నాడు రాజు నిండు సభలో.

వెంటనే అనంతభట్టు లేచాడు. ఆస్థానంలో స్థలపురాణాలు చెప్పే పండితుడాయన. గోరంత రాయి కనిపిస్తే చాలు, కొండంత కథ అల్లేవాడు. వినేవాళ్లు తల ఊపితే కథ ఇంకో కొండ పెరిగేది.

రాజు వెనక గొడుగు పట్టే కాటమయ్యకి మాత్రం ఆ కథలు వింటే నవ్వు ఆగేది కాదు. పెదవులు బిగపట్టేవాడు గానీ చేతిలో గొడుగు ఊగిపోయేది, రాజు కళ్లలో ఎండ పడేది. అలా ఊగిన ప్రతిసారీ భట్టుకి ఒళ్లు మండేది. ఆ మంట తీర్చుకునే రోజు ఇన్నాళ్లకి వచ్చింది.

"ప్రభూ! ఒక మహాముని పదివేల ఏళ్లు తపస్సు చేసిన శిలాపీఠం మన ఊళ్లోనే ఉంది. ఈ కాటమయ్య పెరట్లో!" అన్నాడు భట్టు.

గొడుగు ఊగలేదు.

స్థలం ప్రాచీనమని తేలితే మనుషులు ఖాళీ చేయాల్సిందే. చుట్టూ సున్నంతో గీత గీసి, రాజు కొబ్బరికాయ కొట్టాక, గీత లోపల ఉన్నదేదీ అంగుళం కూడా కదపకూడదు. ఆ శాసనం రాయించింది భట్టే. కిందటేడు పాత గుర్రపుసాల దగ్గర కాయ కొట్టేటప్పుడు మహారాజు చెప్పులు గీత లోపలే ఉండిపోయాయి. అవి ఇవాళ్టికీ అక్కడే ఉన్నాయి. ఏదో వెనకటి సేనాపతివని చెప్పి భట్టు వాటికీ దండం పెట్టిస్తున్నాడు.

గంటలో కాటమయ్య కాపురం వీధిన పడింది. కుండలు, చాపలు, పిల్ల ఉయ్యాల, అన్నీ ఎండలో ఉన్నాయి. భార్య గురవమ్మ చంటిదాన్ని చంకనేసుకుని శివాలెత్తిపోతోంది.

"పీఠమేమిటయ్యా నీ పిండాకూడు! అది నేను బట్టలుతికే బండ! తొమ్మిదేళ్ల కిందట మా అన్న బండి మీద వేసుకొచ్చాడు!"

"చూశారా ప్రభూ, ఆ నునుపు! పదివేల ఏళ్లు కూర్చుంటే తప్ప అలా అరగదు" అన్నాడు భట్టు.

"ఈయన పంచెలు బాదీ బాదీ అరిగింది!" అంది గురవమ్మ మొగుణ్ణి చూపిస్తూ.

రాజుకి నూరో స్థలం కావాలి. అందుకే ఆ మాట ఆయన చెవికెక్కలేదు. సున్నం గీత పడింది. మహారాజు ఈసారి చెప్పులు జాగ్రత్తగా చూసుకుని గీతకి ఇవతలే నిలబడ్డాడు. కాయ అందుకున్నాడు.

"ప్రభూ, చిన్న సందేహం" అన్నాడు కాటమయ్య. "ఆ ముని ఎలా కూర్చునేవాడని రేపు అతిథి అడిగితే ఏం చెబుతాం? భట్టుగారు ఒక్కసారి చూపిస్తే తమరికీ తెలుస్తుంది. అంతటి తేజస్సు ఇంకెవరి ముఖంలో ఉంది గనక?"

భట్టు పొంగిపోయాడు. గీత దాటి వెళ్లి, బండెక్కి, బాసింపట్టు వేసి, కళ్లు మూశాడు.

"ఇప్పుడు కొట్టండి ప్రభూ, శుభ ముహూర్తం!" అన్నాడు కాటమయ్య.

కాయ ఫటేలుమని పగిలింది.

కాటమయ్య గొంతు చించుకున్నాడు. "భట్టుగారూ, కదలకండి!"

భట్టు కళ్లు తెరిచాడు. "ఏం, తేలుందా?"

"తేలు కాదు స్వామీ, శాసనం! మీరు గీత లోపల ఉన్నారు."

అసలే వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నం. బండ పెనంలా కాలుతోంది. భట్టు ఇటు జరిగాడు, అటు జరిగాడు.

"జరక్కూడదు కూడానూ! అంగుళమన్నారు తమరే" అంది గురవమ్మ.

"ప్రభూ! ఇదేం అన్యాయం? నేను మనిషిని!"

రాజు మీసాల చాటున నవ్వుకున్నాడు. "మనిషివే భట్టూ. కానీ నా చెప్పులే నేను తెచ్చుకోలేకపోయాను. నిన్నెలా తెచ్చుకోను?"

"కనీసం ఆ గొడుగైనా ఇటు పట్టించండి ప్రభూ!"

"మునికి గొడుగేమిటి స్వామీ, తపస్సు చెడుతుంది" అన్నాడు కాటమయ్య. "రోజూ ఇంత అటుకులు విసిరిస్తాం లెండి. పదివేల ఏళ్లు ఇట్టే గడిచిపోతాయి."

భట్టు ఏడుపు ముఖం పెట్టాడు. "విడుదలకి దారే లేదా?"

"ఒకటుంది" అన్నాడు కాటమయ్య. "శాసనం ప్రాచీన స్థలాలకే. ఈ రాయి ప్రాచీనం కాదని ఎవరైనా పండితులు చెబితే..."

మాట పూర్తికాకుండానే భట్టు కేక వీధి చివరిదాకా వినిపించింది.

"ఇది బట్టలుతికే బండే! మునీ లేడు, పీఠమూ లేదు! గురవమ్మ తల్లీ, నీ బండ నువ్వు తీసుకో!"

అంటూనే పంచె పట్టుకుని ఒక్క గెంతులో గీత ఇవతల పడ్డాడు. గురవమ్మ చంటిదాన్ని మొగుడి చంకలో పెట్టి, నీళ్ల బిందెతో సున్నం గీత కడిగేసి, కుండలు లోపలికి మోయడం మొదలెట్టింది.

రాజు నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. అంతలో ముఖం వాడిపోయింది. "ఇల్లు నీకు దక్కింది బాగానే ఉంది కాటమయ్యా. మరి నా లెక్క మళ్లీ తొంభైతొమ్మిదికి వచ్చిందే! ఆ రాజు దగ్గర నూరున్నాయి."

కాటమయ్య ఒక చేత గొడుగుతోనే చంటిదాన్ని సర్దుకుని వినయంగా వంగాడు.

"నూరున్నాయంటే, అక్కడా ఒక భట్టుగారు ఉండే ఉంటారు ప్రభూ."

మహారాజు విరగబడి నవ్వాడు. చేతి కడియం ఊడదీసి కాటమయ్య చేతికి తొడిగాడు. కాటమయ్యకీ నవ్వు ఆగక గొడుగు ఊగి అందరి కళ్లలోనూ ఎండ పడింది గానీ, ఎవరూ ఏమీ అనుకోలేదు.