చీటీ బోర్లించే డాక్టరు

సూదితో తీసిన కణాలను పరీక్షించే ఆ గదిలో డాక్టర్ కోటేశ్వరమ్మగారికి ఒక అలవాటు ఉండేది. రోగి వివరాలు, జబ్బు అనుమానం రాసి స్లైడుతో పంపిన చీటీని బల్ల మీద బోర్లించి, ముందు మైక్రోస్కోపులో చూసేవారు. చూసింది కాగితం మీద పెట్టాకే చీటీ తిప్పేవారు.

పీజీ చదువుతున్న హిమజకు అది చాదస్తంగా తోచింది. "మేడమ్, క్లోమంలో హార్మోన్లు తయారుచేసే కణాల గడ్డ రెండేళ్లకొకటి వస్తుందేమో. అంత అరుదైనదాన్ని గుర్తుపట్టాలంటే ఎన్నిసార్లు చూసుండాలి? చీటీ బోర్లిస్తే తెలిసిపోతుందా?"

ఆవిడ నవ్వి ఇంకో స్లైడు అందుకున్నారు.

ఆ వేళే ఏసోబు స్లైడ్లు వచ్చాయి. ఆటో నడుపుకునే మనిషి, నలభై ఆరేళ్లు, క్లోమంలో గడ్డ. మామూలు క్యాన్సరైతే కోసి లాభం లేదని సర్జను ముందే చెప్పారు. ఆ అరుదైన రకమైతే ఆపరేషన్ చేస్తారు, ఏళ్ల తరబడి బతకొచ్చు. అతను బయట వరండా బెంచీ మీద ఆ ఒక్క మాట కోసమే కూర్చున్నాడు.

మనలో చాలామందిమి చేసేదే హిమజ కూడా చేసింది. ముందు చీటీ చదివింది. "క్లోమ క్యాన్సర్ అని అనుమానం" అని ఉంది. ఆ తర్వాత స్లైడు చూసి, పది నిమిషాల్లో మామూలు క్యాన్సరేనని రిపోర్టు రాసి సంతకానికి పెట్టింది. మేడమ్ సంతకం చేయలేదు. తప్పనీ అనలేదు.

మర్నాడు పొద్దున్నే ఒక స్లైడు ఆమె ముందుకు జరిపారు. నంబరు మీద కాగితం అంటించి ఉంది.

"పేరు పెట్టకు. కనబడింది చెప్పు."

"కణాలు విడివిడిగా ఉన్నాయి. అన్నీ ఇంచుమించు ఒకటే సైజు. కేంద్రకం ఓ పక్కకు జరిగి ఉంది. దాన్నిండా ఉప్పూ మిరియాలపొడీ కలిపి చల్లినట్టు చుక్కలు."

"తగువుకొచ్చినట్టు అడ్డదిడ్డంగా పెరిగినవి ఏమైనా?"

"లేవు మేడమ్. అన్నీ బుద్ధిగా..." హిమజ ఆగిపోయింది. "ఇది ఆ హార్మోన్ కణాల గడ్డే. ఎవరిది?"

మేడమ్ కాగితం ఒలిచారు. ఏసోబు నంబరు. నిన్నటి సూదితో తీసిన రెండో స్లైడు.

హిమజ నిన్నటి స్లైడు తెచ్చి పెట్టి చూసింది. అందులోనూ అవే కణాలు. తన రిపోర్టు చింపేసింది. సూది కడిగిన నీళ్లలో దాచి ఉంచిన కణాలకు ప్రత్యేకమైన రంగులు వేయించారు. నాలుగో రోజుకు సంగతి ఖాయమైంది. ఏసోబుకు ఆపరేషన్ తేదీ ఇచ్చారు.

"ఎన్నిసార్లు చూడాలని అడిగావు కదా" అన్నారు మేడమ్, కొత్తగా వచ్చిన చీటీని బోర్లిస్తూ. "ఏసోబు కణాల్ని నువ్వెన్నిసార్లు చూశావు?"

"రెండు రోజులూ చూశాను మేడమ్."

"లేదమ్మా. మొదటిరోజు చదివావు."