ఈరవ్వ తల తేలేదాకా

మీ తాతకు తాత ఉయ్యాలలో ఉన్ననాటి మాట. నమ్మినవాడికి బువ్వ, నమ్మనివాడికి తాలు.

ఒక ఊళ్లో ఈరవ్వ అనే నీరటి ఉండేది. చెరువు నీళ్లు పొలాలకు వదలడం ఆమె పని. తూము మూత చెరువు అడుగున ఉంటుంది. ఊపిరి బిగబట్టి, మునిగి, చేత్తో లాగాలి. మొగుడు పోయాక ఆ పని ఈరవ్వ మీద పడింది.

ఆ ఏడు నాట్లు పడ్డాక వాన ముఖం చాటేసింది. చెరువులో ఒక్క తడికి సరిపడా నీళ్లే మిగిలాయి. ఊరి గుండెల్లో రాయి పడింది.

వరి పిలకలు వేసేవేళ ఆకులు చుట్టుకున్నాయి. పెద్దకాపు కొమరయ్య పరుగెత్తుకొచ్చాడు.

"ఈరవ్వా, తూము తియ్యి! పైరు సస్తున్నది!"

ఈరవ్వ ఒక మొక్క పీకి, గోటితో కాడ చీల్చి చూసింది. లోపల కంకి లేదు.

"ఇంక పొట్టకు రాలేదయ్యా. ఓర్సుకో."

కొన్నాళ్లకు కింది ఆకులు పండిపోయాయి. కొమరయ్య జనంతో వచ్చాడు. ఈరవ్వ కాడ చీల్చింది. లోపల కంకి లేదు.

"ఇంక పొట్టకు రాలేదయ్యా. ఓర్సుకో."

"మా పిల్లలు ఆకలికి సస్తే సూస్తవా?" కొమరయ్య చెరువు గట్టు తెగ్గొట్టడానికి గడ్డపార ఎత్తాడు.

ఈరవ్వ అడ్డం నిలబడింది. "నాకు మాత్రం బయం లేదా అయ్యా? ఎన్కటి కరువుల నా మొగడు మీ ఏడ్పు సూడలేక ముందే తీసిండు. పొట్ట మీదున్నప్పుడు సుక్క లేదు. కంకులన్ని తాలు. నా బిడ్డ ఆ ఏడే పాయె. పిలకలప్పుడు వాడితే పైరు మల్ల లేస్తది. పొట్టల ఎండితే లేవది."

కొమరయ్య గడ్డపార దించాడు.

మూడోసారి ఈరవ్వే పొలానికి వెళ్లింది. కాడ చీల్చింది. లోపల చిటికెన వేలంత తెల్లటి కంకి.

"పొట్టకొచ్చింది!" అని కేకేసి చెరువులోకి దిగింది. ఊరంతా గట్టెక్కింది.

మూత బురదలో బిగిసిపోయింది. ఒకసారి మునిగింది, కదల్లేదు. రెండోసారి మునిగింది, కదల్లేదు. మూడోసారి మునిగింది. కాలువలోకి నీళ్లు భళ్లున దూకాయి.

"నీళ్లు! నీళ్లు!" అంటూ జనమంతా నీళ్ల వెంట పొలాలకు పరుగెత్తారు. మడులు నిండాక కొమరయ్య వెనక్కి తిరిగి, "ఈరవ్వేది?" అన్నాడు.

అందరూ గట్టుకు పరుగెత్తారు. చెరువు ఖాళీ అయ్యాక తూము దగ్గర ఈరవ్వ శవం కనిపించింది. మూత ఇంకా ఆమె రెండు చేతుల్లోనే ఉంది.

ఆ ఏడు కంకులు బరువుకు వంగాయి. ఊరు బతికింది. కొత్తబియ్యం వండుకుని అందరూ ఏడ్చారు.

ఇప్పటికీ ఆ ఊళ్లో కాడ చీల్చి చూడందే తూము తీయరు. తీసే మనిషి మునిగితే, గట్టు మీద పిల్లాజెల్లా అందరూ ఊపిరి బిగబడతారు. కాలువలో నీళ్లు ఎంత చప్పుడు చేసినా అటు చూడరు. తల పైకి తేలాకే ఊపిరి వదులుతారు.