పద్నాలుగో నిమిషం

ఆదోనికి బదిలీ అయిన అయిదు నెలల్లో భానోజీరావు తన గురువుగారి ప్రసంగం ఒక్కటి కూడా పూర్తిగా వినలేకపోయాడు.

గురువుగారు పైడినాయుడు సాలూరులో ఉంటారు. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యారు. ప్రతి గురువారం సాయంత్రం ఆయన ఇంటి అరుగు మీద పాతికమంది చేరతారు. ఆయన మాట్లాడింది కోమలి అనే శిష్యురాలు వీడియో తీసి వెబ్‌సైటులో పెడుతుంది. దూరాన ఉన్నవాళ్ళు చూసుకుంటారు.

భానోజీ చూడలేడు. అప్పట్లో వెబ్ పేజీలో వీడియో ఆడాలంటే బ్రౌజరుకు ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రాము తగిలించాలి. అది ఒక కంపెనీ సొత్తు. అతను వాడేది లినక్స్ అనే, ఎవరైనా లోపల చూసి మార్చుకోగల ఉచిత వ్యవస్థ. లినక్స్‌కు ఆ కంపెనీ కొత్త ప్లగిన్ ఇవ్వడం మానేసింది. పాతది పెడితే పేజీ నల్లబడి బ్రౌజరే మూతపడేది.

ఇచ్చినా అతను పెట్టుకునేవాడు కాదు. లోపల ఏముందో చూడనివ్వని ప్రోగ్రామును తన కంప్యూటరులోకి రానివ్వనని చదువుకునే రోజుల్లోనే ఒట్టు పెట్టుకున్నాడు. పాలిటెక్నిక్‌లో తన దగ్గర చదివే పిల్లలకూ అదే చెప్పేవాడు.

అందుకని వీడియోలు పెట్టే పద్ధతి మార్చమని కోమలికి ఉత్తరం రాశాడు. నాలుగు పేజీలు. అందులో మూడు పేజీలు స్వేచ్ఛ అంటే ఏమిటో.

"అన్నయ్యా, అందరికీ ఆడుతోంది. ఆడనిది నీ ఒక్కడికే," అని కోమలి జవాబిచ్చింది.

దానికి అతను ఆరు పేజీలు రాశాడు. ఆమె మళ్ళీ జవాబివ్వలేదు.

ఆదోనిలో అతనికి తెలిసినవాళ్ళు లేరు. కాలేజీ, మెస్సు, గది. ఆ ప్లగిన్‌కు బదులుగా ఏయే దేశాలవాళ్ళో కలిసి రాస్తున్న, లోపలిదంతా అందరికీ చూపించే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాము ఒకటి దొరికింది. దాంట్లో బొమ్మ వస్తే మాట వచ్చేది కాదు, మాట వస్తే బొమ్మ వచ్చేది కాదు. రెండూ వచ్చిన రోజు మాట వెనకబడేది. దాన్ని సరిచేసే పనిలో తనూ చేరాడు. వారానికోసారి బ్రెజిల్ నుంచి ఒకాయన రెండు ముక్కలు రాసేవాడు. "ఇంకా లేటు. మళ్ళీ చూడు." కాలేజీ బయట అతన్ని పలకరించేవాడు ఆ ఒక్కడే.

వేసవి సెలవులు ఇవ్వగానే లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని సాలూరు వచ్చాడు. బస్సు దిగి నేరుగా గురువుగారింటికి వెళ్ళాడు. ఆయన ఒక్కరే అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నారు.

"ఏటిరా భానోజీ, ఇలా చిక్కిపోయావు?"

"చిక్కానో లావెక్కానో అడిగే నాథుడు ఉన్నాడా అండీ? అయిదు నెలలైంది. పాతికమందిలో ఒక్కరు, ఉన్నావా పోయావా అని అడగలేదు. మీరూ అడగలేదు."

"నాకు ఫోను లేదు కదరా."

"ఫోనెందుకండీ. ఎవరిచేతనైనా ఒక్క మాట చెప్పిస్తే సరిపోయేది."

గురువుగారు ఇంకో కాయ విరిచి గిన్నెలో వేశారు.

"సరే, నేను చెప్పేవన్నా వింటున్నావా?"

భానోజీ అంతా చెప్పాడు. ప్లగిన్ సంగతి, ఒట్టు సంగతి, కోమలి సంగతి. గురువుగారు ఈనెలు తీస్తూ విన్నారు.

"మూత తియ్యనివ్వని మీటరుని నేనూ నమ్మనురా," అన్నారు చివరికి. "బాగానే చేశావు."

అయిదు నెలల్లో ఎవరూ అతన్ని బాగా చేశావనలేదు. భానోజీ గబగబా లాప్‌టాప్ తెరిచి ఆయన ముందు పెట్టాడు.

"ఇదిగోండి, మాఘమాసంలో మీరు మాట్లాడింది. దీన్నే ముందు పెట్టుకుని పనిచేశాను. పద్నాలుగో నిమిషంలో మాట తప్పుకునేది. మీ పెదాలు కదిలిన అర సెకనుకి మాట వచ్చేది. ఆ ఒక్క చోటే మూడు వందల సార్లు చూసుంటాను. మొన్ననే కుదిరింది."

"మిగతా వారాలవి?"

"అవన్నీ అలాగే ఉన్నాయండీ. ముందు ఇది కుదరాలి కదా."

ఆ సెకను ముక్కను మాత్రం మళ్ళీ మళ్ళీ తిప్పి చూపించాడు. తెర మీద గురువుగారి పెదాలు కలిసి విడిపోయేవి. సరిగ్గా అప్పుడే చప్పుడు వినబడేది.

"చూశారా? పెదాలు కలిసే అక్షరం దగ్గరైతే తేడా ఇట్టే దొరుకుతుంది. అందుకే ఈ చోటు ఎంచుకున్నాను."

"అక్కడ నేనేమంటున్నాను?"

భానోజీ ఆ ముక్కను ఇంకోసారి తిప్పాడు.

"మాట... పెదాలతో పాటే వస్తోందండీ," అన్నాడు.

గురువుగారు భుజం మీది తువ్వాలు తీసి తెర మీద కప్పారు.

"కొంచెం ముందునుంచి పెట్టు."

తువ్వాలు కిందనుంచి గొంతు వచ్చింది. ఫ్యూజు పోతే స్తంభాన్ని తిట్టేవాళ్ళ గురించి ఏదో చెబుతోంది. ఎవరో నవ్వారు. గొంతు ఆగింది. దూరంగా మేక అరుపు వినిపించింది. మళ్ళీ గొంతు, సరిగ్గా ఆ పద్నాలుగో నిమిషంలోనే.

"భానోజీ ఎలా ఉన్నాడో. అటువైపు కారం జాస్తి అంటారు, వాడికి పడదు. మీలో ఎవరికైనా ఉత్తరం ముక్క రాశాడా?"

ఎవరో దగ్గారు. తర్వాత కోమలి మాట. "నా మీద కోపంగా ఉన్నాడండీ. కానీ ఎలాగో తంటాలుపడి వీడియో మాత్రం చూస్తాడు."

"అయితే వింటాడులే. ఒరే నాన్నా, వీలు చూసుకుని ఒకసారి వచ్చి పో."

అంతే. గొంతు మళ్ళీ స్తంభం దగ్గరికి వెళ్ళిపోయింది.

భానోజీ చెయ్యి మీటల మీదికి వెళ్ళింది. నొక్కకుండా వెనక్కి వచ్చి ఒళ్ళో పడింది.

ప్రసంగం సాగుతోంది. చిక్కుడుకాయలు అయిపోయాయి. గురువుగారు గిన్నె లోపల పెట్టి వచ్చారు. ఎండ అరుగు సగం దాకా ఎక్కింది. భానోజీ కదల్లేదు.

"తువ్వాలు ఇలా ఇయ్యి. స్నానానికి పోవాలి," అన్నారు గురువుగారు.

"ఇంకా అవలేదండీ," అన్నాడు భానోజీ, తల తిప్పకుండా.

గురువుగారు తువ్వాలు లేకుండానే నూతి దగ్గరికి వెళ్ళారు.