దండ వెనక కట్టిన కారు

అనగనగా మల్లంకోట అనే ఊళ్ళో ఒక రాజావారు. ఆయనకి ఏనుగుల మీద మోజు తీరింది, గుర్రాల మీద మోజు తీరింది, చివరికి మోటారు కార్ల మీద పడ్డారు. ఒక పెద్ద యుద్ధం అయిపోయి, రెండోది ఇంకా రాని రోజులవి. ఊ కొట్టండర్రా, లేకపోతే కారు ఇక్కడే ఆగిపోతుంది!

రాజావారి మోటారు షెడ్డు చూసేది కోటిలింగం. ఆయన కొడుకు గవర్రాజు, కోడలు నాంచారు. ఆ పిల్లకి అన్నీ లెక్కే. మెట్లెక్కినా లెక్కే, ముగ్గేసినా లెక్కే. రాజావారి బావమరిది భూపాలంగారికి ఆ షెడ్డు మీద కన్ను. తాళాలు నాకిమ్మని రోజూ పేచీ. రాజావారు విసిగిపోయి పందెం పెట్టారు. కోట చుట్టూ పన్నెండు చుట్లు. ఏడు గుర్రాల బలమున్న బుల్లి కార్లే రావాలి. గెలిచినవాళ్ళకే తాళాలు.

గుర్రాలేవంటావా చంటీ? ఇంజన్లో ఉంటాయి. గడ్డి తినవు, పెట్రోలు తాగుతాయి.

గవర్రాజు నడుపుతాడు, పక్కన ఇంకొకరు కూర్చోవాలి. కోటిలింగానికేమో మోకాళ్ళ నొప్పులు.

"నేను కూర్చుంటాను మావయ్యగారూ."

"నవ్వుతారే అమ్మాయ్!"

"నవ్వనీండి. వాళ్ళంతా మన వెనకే కదా ఉండేది."

ముందురోజు కారుకి పూజ చేసి, ముక్కుకి బంతిపూల దండ వేసి తిప్పారు. మూడు చుట్లకే ముక్కు వెనక ఇంజన్ని చల్లబరిచే నీళ్ళు సలసల కాగాయి. నాంచారు దండ తీయించి మళ్ళీ తిప్పించింది. ఆరు చుట్లు తిరిగినా కాగలేదు. అంతే, దండ తీసుకెళ్ళి కారు వెనక కట్టేసింది. మామగారు అపశకునమని లబోదిబోమన్నాడు. దండ ఉందిగా మావయ్యగారూ, గాలికి అడ్డం లేదంతే, అంది.

పందెం రోజు అయిదు కార్లు వచ్చాయి. మూడు మొదటి చుట్టులోనే మొరాయించాయి. భూపాలంగారి కారు ఎనిమిది నిమిషాలకో చుట్టు తిరుగుతోంది. చుట్టు తిరిగినప్పుడల్లా జనం ఒక దండ విసిరితే, పక్కనున్న మనిషి కారు ముక్కుకి తగిలిస్తున్నాడు. దండ మీద దండ, దండ కింద ముక్కు, ముక్కు వెనక నీళ్ళు, నీళ్ళ వెనక నిప్పు!

గవర్రాజుకి కంగారు పుట్టింది. "వాళ్ళు ముందుకెళ్ళిపోతున్నారే!"

"వెళ్ళనీండి. మనకి పది నిమిషాలకో చుట్టు చాలు. మూడు చుట్లకోసారి వాళ్ళు ఆగాలి, ఆగితే చల్లారడానికి పది నిమిషాలు. మన మొత్తం నూట ఇరవై నిమిషాలు, వాళ్ళది నూట ఇరవై ఆరు," అంది నాంచారు, మామగారి గొలుసు గడియారం చూస్తూ.

మూడో చుట్టు కాగానే భూపాలంగారి కారు బుస్సుమంది. ఆరో చుట్టు కాగానే బుస్సుమంది. నీళ్ళు పోశారుగానీ దండలు తీయనిస్తేనా! గౌరవమాయె. తొమ్మిదో చుట్టుకి మనవాళ్ళే ముందు. పన్నెండో చుట్టు అయ్యేసరికి ఆరు నిమిషాల తేడా. ఊ కొడుతున్నారా, నిద్రపోయారా?

రాజావారు తాళాలు నాంచారు చేతికే ఇచ్చారు. ఆ పిల్ల మొలలో దోపుకుంది. భూపాలంగారు మర్నాడు కారుతో సహా షెడ్డుకొచ్చి, మా కారుకేం రోగమమ్మా, అని అడిగారు. రోగం కాదండీ, ఊపిరాడలేదు, అని దండలన్నీ తీసి చేతిలో పెట్టింది. ఆయన పకపకా నవ్వి, ఆ రోజు నుంచి షెడ్డులో పని నేర్చుకున్నారు.

మల్లంకోటలో ఇప్పటికీ కార్లకి దండ వెనకే కడతారట. ఎవరినైనా గౌరవించండర్రా, ఊపిరి మాత్రం ఆడనివ్వండి. కారు షెడ్డుకి, కథ కంచికి, మీరు దుప్పట్లోకి!